తలుపు మావయ్య సాక్ష్యం

మాఘం, శుద్ధ విదియ

సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసే మర మామూలుగా నడిచింది. రెండు పూటలా ఊరందరికీ మంచినీళ్లు అందాయి. నీళ్ల గది పుస్తకంలో నేను రాయాల్సింది అంతవరకే. మిగతాది ఎందుకు రాస్తున్నానంటే, ఈ పుస్తకాన్ని ఎవరూ తెరవరని నాకు బాగా తెలుసు. మర గొట్టం కారుతోందని పోయిన వానాకాలంలో ఇందులోనే రాశాను. ఇప్పటికీ కారుతూనే ఉంది. నేను దాని కింద బొక్కెన పెట్టుకుని కాలక్షేపం చేస్తున్నాను.

ఇవాళ కోర్టు బంట్రోతు మళ్లీ సుత్తి పట్టుకొచ్చాడు. ఎర్ర గుడ్డ పరిచిన పళ్లెంలో దాన్ని పెట్టుకుని, పేరంటానికి పిలవడానికి వచ్చినవాడిలా గుమ్మంలో నిలబడ్డాడు. చెంబుడు నీళ్లిచ్చాను. తాగి, నేను సుత్తి ముట్టుకోనని తెలిసి, పళ్లెంతో తిరిగి వెళ్లిపోయాడు.

మా కొత్త దివిలో చట్టం అదీ. యంత్రం వల్ల ప్రాణం పోతే ఆ యంత్రమే దోషి. పోయినవాళ్ల ఇంటివాళ్లు సుత్తితో మొదటి దెబ్బ వేయాలి. వేశారా, కేసు ముగిసినట్టే. ఆ తర్వాత ఆ విషయంలో ఏ మనిషినీ ఎవరూ ఏమీ అడగడానికి వీల్లేదు. సముద్రం పాత దివిసీమను మింగేశాక, తెప్పల మీద ఊరు కట్టుకున్న తొలి రోజుల్లో మనుషులు ఒకళ్లనొకళ్లు నరుక్కోకుండా ఈ పద్ధతి పెట్టారట. మంచి పద్ధతేనేమో. నా కూతురు పోయేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

బడి తలుపు కింద ఇద్దరు పిల్లలు పోయారు. దావీదు కొడుకు ఐజాక్, నా జలజ. దావీదు తన దెబ్బ వేసేశాడు. నాదే బాకీ. నేను వేసేదాకా పాత తలుపు విప్పకూడదు, కొత్తది బిగించకూడదు. అంచేత ఊరి పిల్లలందరూ చేపలెండబెట్టే బల్లల మీద కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు. వాళ్ల తల్లులు నీళ్లకొచ్చినప్పుడు నాతో మాట్లాడటం తగ్గించారు.

మాఘం, శుద్ధ పంచమి

మర ఒకసారి ఆగింది. వడపోత కడిగాను.

బొట్టు సంగతి రాయాలి. ఇది రహస్యమేమీ కాదు, ఊళ్లో అందరికీ తెలిసిందే. అందరికీ తెలిసినా అడగడానికి వీల్లేకపోవడమే నాకు ఒళ్లు మండించే విషయం.

బడి తలుపు పైనుంచి కిందికి దిగుతుంది. సముద్రం పోటెక్కే ముందు దిగి, నీళ్లు లోపలికి రాకుండా బడిని మూసేస్తుంది. గడప దగ్గర దానికి ఒక కన్ను ఉంది. కింద ఎవరైనా ఉంటే చూసి ఆగాలి. ఉప్పు ఆవిరి పట్టి ఆ కన్ను మసకబారేది. లేని పిల్లలు ఉన్నారనుకుని తలుపు సగంలో ఆగిపోయేది. నీళ్లు లోపలికొచ్చి పుస్తకాలు తడిసేవి. కన్ను మార్చమని తలుపు చేసిన కంపెనీని అడిగితే, చూస్తాం అన్నారు.

దసరాకి ఊళ్లో ప్రతి మరకీ పసుపు రాసి బొట్టు పెడతాం. నేనూ నా మరకి పెట్టాను. బడి తలుపుకి పెట్టిన బొట్టు సరిగ్గా దాని కన్ను మీద పడింది. మర్నాటి నుంచి తలుపు సగంలో ఆగడం మానేసింది. అమ్మవారి చలవ అన్నారు. హెడ్మాస్టరు ఫణిభూషణం గారు ఆ బొట్టు ఎవరూ చెరపొద్దన్నారు. శుక్రవారం శుక్రవారం దాని మీద మళ్లీ పెట్టించారు.

తలుపు రోజూ "మాస్టారూ, నాకు కనబడటం లేదు" అనేది. దాన్ని తలుపు మావయ్య అని పిలుచుకునే పిల్లలు నవ్వేవాళ్లు. జలజ ఇంటికొచ్చి ఆ గొంతు అనుకరించేది. నాకు కనబడటం లేదు, నాంచారీ, నా అన్నం ఎక్కడుంది, అని నన్నే పేరు పెట్టి పిలుస్తూ కళ్లు మూసుకుని చేతులు చాపేది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఏ పని మీదా చెయ్యి నిలవదు.

మాఘం, శుద్ధ దశమి

నీళ్లు సరిపోయాయి.

దావీదు నీళ్లకొచ్చి, కడవ నిండినా కదల్లేదు. గొట్టం దగ్గర కూర్చుని, తను దెబ్బ వేసిన రోజు సంగతి చెప్పాడు. బలంగానే కొట్టాడట. తలుపు రేకు సొట్టపడిందట. చుట్టూ ఉన్నవాళ్లు దండం పెట్టారట. ఇంటికెళ్లి అన్నం తినబోతే, అప్పుడు గుర్తొచ్చిందట, ఇంక ఎవర్నీ ఏమీ అడగలేనని.

"రేకుని కొట్టి వచ్చాను చెల్లెమ్మా," అన్నాడు. "రేకుకేం తెలుస్తది? మాస్టారు రోజూ నా ఎదురుగానే నడిచెళ్తాడు. నోరు తెరవడానికి లేదు. నువ్వు మాత్రం కొట్టమాక."

చెయ్యి పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ ఇద్దరం ఏడిస్తే కడవ ఎవరు మొయ్యాలి? నేనే ఎత్తి అతని భుజానికి పెట్టాను.

మాఘం, బహుళ తదియ

లాయరు మెహరున్నీసా పాత చట్టం పుస్తకాలన్నీ తిరగేసి ఒక దారి కనిపెట్టింది. ఈ పిల్ల మా పక్క తెప్ప మీదే పుట్టి పెరిగింది. చిన్నప్పుడు దీని ముక్కు తుడిచినదాన్ని నేను. ఇప్పుడు నల్లకోటు వేసుకుని నాకే పాఠాలు చెబుతోంది.

ముద్దాయి సాక్ష్యం చెప్పకూడదు. అందుకే ఇన్నాళ్లూ తలుపు మాట ఎవరూ వినలేదు. కానీ పోయినవాళ్ల ఇంటివాళ్లు దోషిని క్షమించి, పూచీ పడి, తమ ఇంటికి తీసుకెళితే, అది ఇక ముద్దాయి కాదు. సాక్షిగా నిలబడొచ్చు. దాని మాట మీద మనుషులను బోనెక్కించొచ్చు. చట్టంలో ఈ మాట మొదటి నుంచీ ఉందట. ఎవరూ వాడలేదు. బిడ్డను చంపినదాన్ని ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు?

"అక్కా, దాన్ని ఇంట్లో పెట్టుకోమని నీకు నేను చెప్పను," అంది మెహర్. "దారి ఉందని చెప్తున్నానంతే."

తలుపంతా మోసుకురానక్కర్లేదు, దాని బుర్రా గొంతూ ఉన్న పెట్టె చాలు అంది. సరే అన్నాను. సరే అన్నది నేనేనా అని తర్వాత చాలాసేపు అనుమానంగా ఉంది.

మాఘం, బహుళ సప్తమి

పెట్టె వచ్చింది. బియ్యం డబ్బా అంత ఉంది. వంటగది మూల పీట మీద పెట్టాను.

తిరుపతయ్య, అదే మా ఆయన, తెప్పలను కట్టి ఉంచే గొలుసులు బిగించే పని చేస్తాడు. పని నుంచి వచ్చి, దాన్ని చూసి, కాళ్లు కూడా కడుక్కోలేదు. "అది ఉంటే నేనుండను," అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, మామూలుగా అయిపోయేది. తువ్వాలు భుజాన వేసుకుని గొలుసు పడవ మీదికి వెళ్లిపోయాడు. అన్నం గిన్నె పంపించాను. గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది కాబట్టి కోపం నా మీద కాదని తెలిసింది.

మాఘం, బహుళ అష్టమి

మర సంగతి తర్వాత రాస్తాను.

పొద్దున పొయ్యి వెలిగిస్తుంటే మూలనుంచి పిలుపు వచ్చింది. "ఐజాక్." కాసేపు ఆగింది. "జలజా." మళ్లీ ఆగింది. చేతిలో గరిటె కింద పడిపోయింది.

తలుపుకి మొదటి నుంచీ ఉన్న పని ఇదే. పిల్లలను పేరుపేరునా పిలిచి హాజరు తీసుకోవాలి. రానివాళ్లకి కారణం మాస్టారిని అడగాలి. మాస్టారు చెప్పేదాకా అడుగుతూనే ఉంటుంది. జ్వరం అంటే మందు వేశారా అని అడుగుతుంది. దెబ్బ తగిలింది అంటే ఎవరి వల్ల అని అడుగుతుంది. ఒకసారి జలజ మోకాలు చీరుకుపోయి ఇంట్లో ఉంటే, ఎవరి వల్ల అని తలుపు అడగగానే క్లాసంతా ఐజాక్ పేరు అరిచిందట. వాడు పారిపోయి చేపల గంపలో దాక్కున్నాడట.

మిగతా పిల్లలందరి పేర్లనూ మాస్టారు బల్లల బడికి మార్చేశారు. ఈ రెండూ మార్చలేదు. మార్చాలంటే కారణం చెప్పాలి.

"మాస్టారూ, ఐజాక్ రాలేదు. జలజ రాలేదు. కారణం?" అంది పెట్టె. నేను చెప్తాను విను, అన్నాను. "మీరు మాస్టారు కాదమ్మా," అంది, ఎంతో మర్యాదగా. మర్యాదకేం తక్కువ లేదు దానికి.

దాన్ని తిట్టాను. నోటికి వచ్చినవన్నీ తిట్టాను. అంతా విని, "జలజ వాళ్ల అమ్మగారా?" అని అడిగింది. అవునన్నాను. "జలజ హాజరు పలికిన గొంతు నా దగ్గర ఉంది. వినిపించమంటారా?" అంది.

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. "వినిపించు" అన్నాను.

"వచ్చాను మావా. అమ్మ ఇవాళ జడ గట్టిగా వేసింది, తల నెప్పెడతంది."

అంతే. పొయ్యి ఆరిపోయినా చూసుకోలేదు. జడ వదులుగా వేస్తే సాయంత్రానికి చింపిరి తలతో వస్తుందని గట్టిగా వేసేదాన్ని. కొంచెం వదులుగా వేసి ఉంటే ఏం పోయేది?

మాఘం, బహుళ ఏకాదశి

మర నడుస్తోంది. గొట్టం కారుతోంది.

జలజ హాజరు పలికి ఊరుకునే పిల్ల కాదని ఇప్పుడు తెలిసింది. రోజూ వచ్చాను మావా అన్నాక ఒక ముక్క చెప్పేది. బళ్లో చేరిన రోజు నుంచీ అన్నీ ఉన్నాయట. అన్నీ ఒక్కసారే వినకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పొద్దునొకటి, అంతే. మొదటి నుంచీ వరసగా.

ఇవాళ్టిది: "వచ్చాను మావా. నా పన్ను ఊగతంది. అమ్మకి చెప్పలేదు, పీకేస్తది."

ఏ పన్ను? నాకు తెలియనే తెలియదు. పైదో కిందిదో అని పెట్టెను అడిగాను. నాకు కనబడదమ్మా అంది. రోజంతా ఆ పన్ను గురించే ఆలోచించాను. అది ఎప్పుడు ఊడిందో, ఏ నీళ్లలో పారేసిందో. నా బిడ్డ నోట్లో పన్ను ఊగడం ఆ తలుపుకి తెలుసు, నాకు తెలియదు. కుళ్లుగా ఉంది, ముద్దుగానూ ఉంది. ఇంకా కావాలనిపిస్తోంది.

ఫాల్గుణం, శుద్ధ తదియ

ఫణిభూషణం మాస్టారు వచ్చారు. నాకూ అక్షరాలు దిద్దించినాయన. నిలబడితే కూర్చోమన్నాను, కుర్చీ చివర కూర్చున్నారు. మనిషి సగమయ్యారు. చూసి జాలిపడ్డాను, జాలిపడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

చెప్పడానికి చాలానే చెప్పారు. పుస్తకాలు తడవకూడదనే బొట్టు ఉంచానన్నారు. కంపెనీవాళ్లు ఉంచమన్నారన్నారు. అందరం పెట్టుకున్నదేగా అన్నారు. చివరికి అసలు మాట చెప్పారు.

"పెట్టె నీ దగ్గరే ఉంచుకో, నాంచారీ. కోర్టుకి ఇస్తే సీలు వేసేస్తారు, అప్పీళ్లన్నీ అయ్యేదాకా తిరిగి ఇవ్వరు. ఏళ్లు పడుతుంది. కేసు వద్దనుకుంటే పాప గొంతు రోజూ వినొచ్చు. నీ మంచికే చెప్తున్నా."

నిజంగానే నా మంచికి చెప్పారు. అబద్ధం చెప్పి ఉంటే సులువుగా ఉండేది. "ఒక్కసారి దాని ఎదురుగా కూర్చుని కారణం చెప్పండి మాస్టారూ, రోజూ మిమ్మల్నే అడుగుతోంది," అన్నాను. ఆయన వంటగది వైపు తిరిగి కూడా చూడలేదు. మంచినీళ్లు తాగకుండానే లేచారు.

తర్వాత మెహర్‌ని అడిగాను. నిజమే, సీలు వేస్తారు అంది. నకలు తీసుకోవచ్చా అంటే, ముందే నకలు తీస్తే పెట్టెను ముట్టుకున్నట్టు లెక్క, సాక్ష్యం చెల్లదంది. "కోర్టుకి ఇంకా మూడు రోజులుంది, ఈలోగా కూర్చుని అన్నీ వినెయ్యి అక్కా," అంది.

ఫాల్గుణం, శుద్ధ పంచమి

రేపే కోర్టు.

తిరుపతయ్య తెల్లారి బట్టల కోసం వచ్చాడు. సరిగ్గా అప్పుడే నేను ఇవాళ్టి ముక్క వింటున్నాను. "వచ్చాను మావా. మా నాన్న ఇవాళ గొలుసు మీద నడిచాడు. పడలేదు. నేను చూశాను." ఆయన గుమ్మంలోనే కూర్చున్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. మళ్లీ పెట్టమన్నాడు.

"ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు.

చాలా ఉన్నాయని చెప్పాను. రేపు ఇచ్చేస్తున్నానని కూడా చెప్పాను. ఇవ్వకపోతే ఏమవుతుందో, ఇస్తే ఏమవుతుందో అంతా చెప్పాను. ఇద్దరం పెట్టెకి చెరోపక్కా కూర్చున్నాం, జలజకి జ్వరం వచ్చినప్పుడు కూర్చున్నట్టు. వద్దనమని లోలోపల ఆయన్ని బతిమాలుకున్నాను. ఆయన వద్దంటే ఆ నెపం మీద ఆపేసేదాన్ని.

"దావీదు రోజూ నా పడవ దగ్గరికొచ్చి కూర్చుంటన్నాడే," అన్నాడు. "ఆడికి ఇంక అడిగే దిక్కు లేదు. నీకొక్కదానికే ఉంది."

మిగతావి ఇప్పుడే వినేద్దామా అని అడిగాడు. వద్దన్నాను. ఒక్కపూటలో వినేస్తే, ఆ తర్వాత నాకు పొద్దున లేవడానికి ఏమీ మిగలదు. అవి అలాగే ఉండనీ, ఎక్కడో అక్కడ. ఆయన తువ్వాలు మళ్లీ గోడ మేకుకి తగిలించాడు.

ఫాల్గుణం, శుద్ధ షష్ఠి

నీళ్ల గది పని దావీదు భార్య చూసింది. మంచిగానే చూసిందట.

కోర్టు హాలు నిండిపోయింది. బల్లల బడికి సెలవిచ్చి పిల్లలను కూడా తీసుకొచ్చారు. మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. కంపెనీ తరఫున ఇస్త్రీ చొక్కా మనిషి ఒకడు వచ్చాడు. ఒక యంత్రం మాట విని మనుషులను ఎలా అడుగుతారని చాలాసేపు వాదించాడు. జడ్జిగారు ఓపిగ్గా విని, సాక్షిని పెట్టమన్నారు.

యంత్రం సాక్ష్యం చెప్పే ముందు తన రోజువారీ పని ఒకసారి చేసి చూపించాలి. బుర్ర సరిగ్గా ఉందని రుజువు అదే, మనం దేవుడి మీద ప్రమాణం చేసినట్టు. పని పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డు రాకూడదు, జడ్జిగారైనా సరే. మేమెవ్వరం ఇది ముందుగా అనుకోలేదు. మెహర్ కూడా అనుకోలేదని తర్వాత ఒట్టేసి చెప్పింది.

పెట్టె పిలిచింది. "ఐజాక్." "జలజా."

నా పక్కన తిరుపతయ్య చెయ్యి నా చేతిని పట్టుకుంది.

"మాస్టారూ, ఐజాక్ రాలేదు. జలజ రాలేదు. కారణం?"

అందరూ ఫణిభూషణం గారి వైపు తిరిగారు. ఆయన తల వంచుకున్నారు. పెట్టె కాసేపు ఆగి మళ్లీ అడిగింది, అదే గొంతుతో, అదే మర్యాదతో. కంపెనీ మనిషి లేవబోతే జడ్జిగారు చేత్తో కూర్చోమన్నారు. మూడోసారి అడిగింది. పిల్లల్లో ఎవరో ఏడవడం మొదలుపెట్టారు.

ఆయన లేచి నిలబడ్డారు. బళ్లో నిలబడ్డట్టే చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"దెబ్బ తగిలింది," అన్నారు.

"ఎవరి వల్ల మాస్టారూ?"

ఆ ప్రశ్న ఊళ్లో ప్రతి పిల్లకీ, పిల్లాడికీ తెలుసు. ఎన్నోసార్లు విని నవ్వుకున్న ప్రశ్న. ఇవాళ ఎవరూ నవ్వలేదు, ఎవరూ పేరు అరవలేదు.

"నా వల్ల," అన్నారు మాస్టారు. "బొట్టు చెరపొద్దంది నేనే. నీకు కనబడటం లేదని నువ్వు చెప్పావు. రోజూ చెప్పావు. నేను వినలేదు."

"సరే మాస్టారూ," అంది పెట్టె. "నేను కంపెనీకి కూడా రోజూ చెప్పాను. బొట్టు ఉంచమన్నారు, ఆగకుండా దిగడమే మంచిదన్నారు."

అలా అన్నవాళ్లను, కన్ను మూసుకుపోతే ఆగాల్సిన తలుపును దిగేలా చేసినవాళ్లను, అందరినీ పేర్లతో సహా బోనులోకి పిలిపిస్తానన్నారు జడ్జిగారు. దావీదు కేసు కూడా దీంతో కలిపి తెరుస్తామన్నారు. దావీదు లేచి దండం పెట్టబోయి, పెట్టలేక కూర్చుండిపోయాడు.

మెహర్ ఇంకొక్కటే అడిగింది. ఆ రోజు జలజ ఏమైనా అందా అని. అడగొద్దని నేను చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందేమో.

"అంది," అంది పెట్టె. "'ఆగు మావా, ఐజాక్ వస్తన్నాడు' అంది. విన్నాను. వినడం హాజరుకు మాత్రమే పెట్టారు. ఆగడానికి కన్ను మాటే వినమన్నారు."

గడప మీద నిలబడి వాడి కోసం తలుపుని ఆపబోయింది నా పిల్ల. అదీ, తన మోకాలు చీరినవాడి కోసం. ఏడుపు వచ్చింది, అంతకంటే ఎక్కువగా నా జలజని పట్టుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

ఎర్ర లక్కతో పెట్టెకి సీలు వేశారు. బంట్రోతు దాన్ని బీరువాలో పెట్టేటప్పుడు నా వైపు చూశాడు, సుత్తి తెచ్చినవాడే. జాగ్రత్తగా పెట్టమని చెప్పాను. తలూపి, కింద గుడ్డ మడిచి వేసి పెట్టాడు.

ఫాల్గుణం, శుద్ధ సప్తమి

మర మామూలుగా నడిచింది. నీళ్లు సరిపోయాయి. గొట్టం కారుతోంది. మార్చమని మళ్లీ రాస్తున్నాను, ఈసారి కింద నా పేరు కూడా రాస్తున్నాను. నాంచారమ్మ, నీళ్ల గది.

పొద్దున హాజరు వేళకి మెలకువ వచ్చింది. పొయ్యి వెలిగించి, వంటగది మూలకి తిరిగి కూర్చున్నాను. పీట ఖాళీగా ఉంది. తిరుపతయ్య కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏం చెప్పి ఉండేదంటావు ఇవాళ, అని అడిగాడు. పన్ను ఊడిపోయిందని చెప్పి ఉండేది అన్నాను. పైదా కిందిదా అన్నాడు.

ఆ సంగతి కోర్టు బీరువాలో ఉంది. నా కూతురు నాకింకా చెప్పని ఊసులన్నీ అందులోనే ఉన్నాయి. ఎన్నేళ్లు పడితే అన్నేళ్లు, అవి వినేదాకా నేను ఉంటాను.